పాలరాతి మెట్ల మీద ముగ్గు

బాల్టిమోర్‌లో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలూ ఊరి బయట గరాజూ పచ్చికా ఉన్న కొత్త ఇళ్లలో చేరుతుంటే, యోగానంద్ మాత్రం నడి ఊళ్లో నూరేళ్లు దాటిన ఇటుక ఇల్లు పట్టాడు. అటూ ఇటూ పక్కిళ్లతో గోడ కలిసిపోయిన వరస ఇల్లు. హైవే వస్తుందని అక్కడి జనాన్ని ఎప్పుడో ఖాళీ చేయించారు. హైవే రాలేదు, వెళ్లినవాళ్లూ తిరిగి రాలేదు. బాగుచేసుకుని కాపురముంటే చాలని నగరపాలక సంస్థవాళ్లు పాడుబడ్డ ఇళ్లను డాలరుకొకటి రాసిచ్చారు. "డాలరుకి ఇల్లేమిటే, దెయ్యాల కొంపా?" అని ఫోన్‌లో ఎగతాళి చేసింది ఊరి బయట కొత్తింట్లో చేరిన స్నేహితురాలు రాధారాణి. యోగానంద్ భార్య వసుమతి ఆ మాటకి నవ్వేసింది. వీధి గుమ్మానికున్న మూడు తెల్లటి పాలరాతి మెట్లు చూసి ఆమె అప్పటికే మనసు పారేసుకుంది.

1978 చివర్లో పాలు పొంగించుకుని ఇంట్లో దిగారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో వసుమతికి నెల తప్పింది. మూడోసారి. మొదటి రెండూ నిలవలేదు. ముప్పై నాలుగేళ్ల మనిషి, ఆస్పత్రి ల్యాబ్‌లో రోజూ ఊళ్లోవాళ్ల రక్తాలు పరీక్ష చేసే మనిషి, తన రక్తం మీద మాత్రం నమ్మకం పోగొట్టుకుంది. డాక్టరు ఆమెతో ఉద్యోగం మానిపించి మంచం మీద ఉండమన్నాడు. ఏలూరు నుంచి తల్లి ఉత్తరం రాసింది: పొద్దున్నే గడప ముందు ముగ్గు వెయ్యి, మిగతాది అమ్మవారు చూసుకుంటుంది. వసుమతి అలాగే తెల్లారుతూనే మెల్లగా దిగి, పై మెట్టు మీద బియ్యప్పిండితో నాలుగు చుక్కల ముగ్గు పెట్టి, మళ్లీ వచ్చి పడుకునేది.

తొమ్మిదింటికి చూస్తే ముగ్గు ఉండేది కాదు.

మొదటి రోజు గాలి అనుకుంది. రెండో రోజు పిచికలు. మూడో రోజు మెట్టు తడిగా ఉంది, ముక్కుకి ఘాటైన సబ్బు వాసన తగిలింది. వానే లేదు. మన ఊళ్లలో ముగ్గు లేని గడప చూస్తే ఎవరూ ఏమీ అడగరు. ఆ ఇంట్లో ఎవరో పోయారని తలొంచుకుని వెళ్లిపోతారు. రోజూ తన గడప మీద ఎవరో ఆ కబురు రాసిపెట్టి పోతున్నట్టే అనిపించింది వసుమతికి. కడుపు మీద చెయ్యి వేసుకుని కదలిక కోసం గంటలకొద్దీ కాచుకునేది.

తర్వాత చప్పుడు మొదలైంది. పడుకుని ఉంటే కింద ఎక్కడో రాతి మీద రాయి గీకుతున్న చప్పుడు. కాసేపు ఆగేది, మళ్లీ మొదలయ్యేది. గోడలోంచి వస్తోందో నేలలోంచి వస్తోందో తెలిసేది కాదు.

"పాత ఇల్లు వసూ, పైపులు చప్పుడు చేస్తాయి," అన్నాడు యోగానంద్. ఆయన ఇంజనీరు. ఆయన లెక్కలో లోకంలో వచ్చే చప్పుళ్లన్నీ పైపులవే.

"పైపులు ముగ్గు తుడుస్తాయా? ఈ ఇల్లు వద్దండీ. అమ్మేసి అపార్ట్‌మెంట్‌కి మూవ్ అయిపోదాం. ఈ బిడ్డను కూడా పోగొట్టుకోలేను."

ఆయనకి మనసొప్పలేదు. రెండేళ్ల శని ఆదివారాలు ఆ గోడల్లోనే కలిసిపోయాయి మరి.

ఆ సెప్టెంబరులో ఒక పొద్దున వసుమతి ముగ్గు పెట్టి మంచమెక్కలేదు. కిటికీ పరదా వెనక కుర్చీ వేసుకు కూర్చుంది. ఏడున్నరకి బస్సు ఆగింది. చర్చికి వెళ్తున్నట్టు టోపీ, గ్లవ్స్ వేసుకున్న ఒక నల్లజాతి ముసలామె చిన్న బకెట్‌తో దిగింది. నేరుగా వాళ్ల మెట్ల దగ్గరికే వచ్చి, గ్లవ్స్ తీసి సంచిలో పెట్టుకుని, మడిచిన పేపరు పరుచుకుని మోకాళ్ల మీద కూర్చుంది. గరుకు రాయి తీసి ముగ్గు మీద రుద్దడం మొదలుపెట్టింది.

వసుమతి దడాలున తలుపు తీసింది.

"గుడ్ మార్నింగ్, హనీ," అంది ముసలామె తలెత్తకుండానే. "తోమే పౌడరు చల్లి అలా వదిలేస్తే ఎలా? కడగాలి. లేకపోతే రాయి పాడైపోతుంది."

"ఎవరు మీరు?"

"లొరేటా. ముప్పై ఒక్క ఏళ్లు ఉన్నాను ఈ ఇంట్లో. ఈ మెట్లు తోమని రోజు లేదు."

మనిషేనని తెలిశాక భయం పోవాలి. పోకపోగా కోపమై నోటికొచ్చింది. "ఇది నా ఇల్లు! మీరలా తుడిస్తే నా బిడ్డ చచ్చిపోతుంది. ఇంకెప్పుడూ ఇక్కడికి రావద్దు!"

లొరేటా అప్పుడు తలెత్తి ఆమె కడుపు చూసింది. గుడ్డ పిండి, మిగిలిన నీళ్లు మెల్లగా పోసి మెట్టు కడిగి, బస్టాప్‌కి నడిచింది.

ఆ తర్వాత ముగ్గు చెక్కుచెదరలేదు. డిసెంబరులో ఆడపిల్ల క్షేమంగా పుట్టింది, విద్య అని పేరు పెట్టారు. వసుమతి హాయిగా ఉండాల్సింది. కానీ పొద్దున ఏడున్నర అయ్యేసరికి చెవులు వాటంతటవే వీధివైపు తిరిగేవి. బస్సు ఆగేది, ఎవరూ దిగేవారు కాదు. ఇంట్లోంచి దెయ్యాన్ని వెళ్లగొట్టినట్టు వయసు మళ్లిన మనిషిని వెళ్లగొట్టానే అని కుమిలిపోయేది. రాయి గీకిన చప్పుడు కన్నా ఆ నిశ్శబ్దమే ఆమెను ఎక్కువ పీడించింది.

ఫిబ్రవరిలో, లొరేటాతో మాటలు కలిపిన పక్కింటాయనను అడిగి ఆమె అడ్రసు పట్టుకుని, పాపను దుప్పట్లో చుట్టుకుని వెళ్లింది. పన్నెండంతస్తుల భవనంలో తొమ్మిదో అంతస్తు. తలుపు ముందు మెట్లూ లేవు, గడపా లేదు. పొడుగాటి వరండా, అన్నీ ఒకేలాంటి తలుపులు.

లొరేటా ఆమెను గుర్తుపట్టి, లోపలికి రమ్మని కుర్చీ చూపించింది. వసుమతి గుక్క తిప్పుకోకుండా ముగ్గు సంగతంతా చెప్పి, క్షమించమంది.

"నేనేమో నీకు బద్ధకమనుకున్నాను," అని నవ్వింది లొరేటా.

"మీరు మళ్లీ రండి, ప్లీజ్. ఎప్పుడైనా సరే."

"లేదు. నీ ఇల్లన్నావు. నిజమే, నీదే." కోపంగా అనలేదు. అందుకే వసుమతికి మరీ గుచ్చుకుంది. లొరేటా వంగి పాప మొహం చాలాసేపు చూసింది. "ఏ గదిలో పడుకుంటుంది?"

"మేడ మీద వెనక గది."

"కిటికీ పక్కనా?"

"అవును. ఎండ వస్తుందని."

లొరేటా చేతులు ఒళ్లో పెట్టుకుంది. "మంచం జరుపు. ఆ కిటికీ కింద మూలనుంచి చలి వస్తుంది, ఎంత మూసినా వస్తుంది. నా కొడుకు ఎర్ల్‌కి ఎనిమిది నెలలప్పుడు అక్కడే నెమ్ము పట్టేసింది. నలభై ఏడు జనవరిలో. మూడు రోజులే ఉన్నాడు."

ఆ ఇంట్లో బిడ్డ ఎలా పోతుందో తెలిసిన ఒకే ఒక్క మనిషిని, బిడ్డకి కీడని తనే తరిమేసింది.

ఇంటికొచ్చి కోటైనా విప్పకుండా మేడెక్కింది. యోగానంద్ వెనకాలే వచ్చాడు. "ఆవిడ కాలం కిటికీ కాదు వసూ అది, నేను కొత్త గ్లాస్ వేశాను," అన్నాడు.

వసుమతి పాప మంచం మీదుగా వంగి కిటికీ కింద మూలకి అరచెయ్యి పెట్టింది. భర్త చెయ్యి లాగి అక్కడే పెట్టించింది. ఆయన చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత మంచం రెండో కొస పట్టుకున్నాడు.