గోడతో సహా మడి

ఈ కొండకు మెట్లలా కట్టిన మళ్లలో మా ఇన్హబియాన్ అక్కది అన్నిటికన్నా పైది. దాని కింది మడి నాది. ఆమె మడిని నిలబెట్టే గోడ రాళ్ల సందుల్లో గడ్డి మొలిస్తే నేను కిందనుంచి కేకేసేదాన్ని. "నీ కళ్లు నీ నారు మీద పెట్టుకోవే, నా గోడమీద కాదు" అని పైనుంచి తిట్టేది. సాయంత్రానికి ఆ గడ్డి మాత్రం ఉండేది కాదు.

మా ఇఫుగావు కొండల్లో ప్రతి పై మడికీ పైన ఒక అడవి ఉంటుంది. ముయోంగ్ అంటాం. ఎండుకొమ్మలు ఏరుకుంటాం, ఇంటికి దూలం కావాలంటే ఒక చెట్టు కొట్టి ఇంకోటి నాటుతాం, అంతే. ఆ చెట్ల మొదట్లోని ఊటే కింది మళ్లన్నిటికీ నీళ్లు. అందుకే మడి, అడవి కలిపి పెద్దబిడ్డకే ఇస్తారు. చిన్నవాళ్లు ఏడ్చుకున్నా సరే.

అక్కవాళ్ల నాన్న లూనాగ్‌కి చివరి రోజుల్లో ఎక్కడలేని న్యాయం పుట్టుకొచ్చింది. ఇద్దరూ నా బిడ్డలేగా అని మడి కూతురికిచ్చి, అడవి కొడుకు గినిద్‌కి ఇచ్చాడు. పంది కోసి, బియ్యపు కల్లు పోశాడు. ఊరంతా తిని, తాగి, మెచ్చుకుని వెళ్లింది. మడి ఒకరికి, దాని నీళ్లు ఇంకొకరికి. ఆ ముసలాయనకి ఏ మాయరోగం వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గినిద్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. బీన్స్ కొనే షావుకారు జీపులో విత్తనాలు, ఎరువులు తెచ్చి వాడి గుమ్మంలో దించాడు. వీడు బీన్స్ వెయ్యడానికి గొడ్డలి తీసుకుని అడవిమీద పడ్డాడు. అక్క వెళ్లి చెట్లకు అడ్డం నిలబడింది.

"నీకు మడి ఉంది, తింటున్నావు. నేను ఆకులు మెయ్యాలా అక్కా?" అన్నాడు.

"ఊట పోతే నాకు మడెక్కడుంటుందిరా?"

"ఊట భూమిలో ఉంది. చెట్లమీద కాదు" అని అడవినంతా నున్నగా గొరిగేశాడు.

తీరా చూస్తే ఆ ఏడు ఊట పెరిగింది. నీళ్లు తాగే చెట్లు లేవు కదా, ఉన్నదంతా కిందికే వచ్చింది. వీడు వక్క నములుతూ మా గట్లమీద తిరిగి, "ఏమక్కా, నీళ్లు చాలా, ఇంకొంచెం వదలనా?" అని వెక్కిరించాడు. ఊరు నవ్వింది. వానల్లో ఆ కొండ ఎర్రమట్టి మా మళ్లలోకి దిగింది. తర్వాతి వేసవికి ఊట సన్నబడింది. ఆ మరుసటి వేసవికి బండమీద తడి మరక మిగిలింది.

మా మళ్లు ఏడాది పొడుగునా నీళ్లలోనే ఉండాలి. ఎండితే వానపాములు గట్టులోకి తొలుచుకుపోతాయి. పైకి గోడ బాగానే కనిపిస్తుంది. పెద్దవాన పడగానే ఆ బొక్కల్లో నీరు చేరి, గోడంతా కిందికి వచ్చేస్తుంది. అక్క తన గట్టులో చెయ్యి పెడితే మోచేతిదాకా దిగిపోయింది.

గోడ ఎవరిదైతే, అది పడి పాడైన కింది మళ్లకు వాళ్లే జవాబుదారీ. మళ్లు బాగుచేసి, పంట వచ్చేదాకా వాళ్లకు తిండిగింజలు పెట్టాలి. ఇది మా కట్టుబాటు. పైన చెట్లు కొట్టినవాడి ఊసు అందులో లేదు. మడి ఒకచోట, అడవి ఒకచోట ఉంటాయని మా పెద్దలు కలలో కూడా అనుకోలేదు మరి.

వానలకు ముందు అక్క, పెద్దమనిషి పుగోంగ్ తాత వాకిట్లో తగవు పెట్టింది. నేనూ వెళ్లాను. తాత అంతా విని, "గోడ నీదే కదమ్మా. వాడి అడవి వాడిష్టం" అన్నాడు.

"నా మడిమీద పడబోయేది ఎవరివల్ల తాతా?" అన్నాను.

"పడ్డప్పుడు చూద్దాంలే."

గినిద్ అందుకున్నాడు. "మంచి ముక్క నాన్న నీకే ఇచ్చాడు. ఇంకా ఈ ఏడుపేంటక్కా?"

అక్క వాడివైపు తిరిగింది. "అవున్రా, మంచి ముక్కే. నువ్వు తీసుకో. తాతా, అందరూ వినండి. నా మడి నా తమ్ముడికి ఇస్తున్నాను. గోడతో సహా."

చిన్నప్పటినుంచీ ఆ మడిమీదే కన్ను వాడికి. పెళ్లాం వెనకనుంచి గిచ్చుతున్నా, "సరే" అనేశాడు. తాత నోట్లో వక్క నమలడం ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే వాడు అక్క గుమ్మంలో ఉన్నాడు. మోచేతిదాకా మట్టి.

"నీ మడి నువ్వే ఉంచుకో అక్కా. గోడ పడితే కిందవాళ్లందరికీ నేనెక్కడ పెట్టను? దాన్ని తడపడానికి నీళ్లేవి?"

"నీ అడవిలో ఉండేవి" అంది అక్క. లోపలికి వెళ్లిపోయింది.

మొదటి పెద్దవానకే గోడ పడింది. గినిద్ ఇప్పుడు మా అందరికీ గింజలు కొలుస్తున్నాడు, తట్టలతో మట్టి మోస్తున్నాడు. అక్క ఎంత తెలివైందో అని ఊళ్లో చెప్పుకుని మురిసిపోతున్నారు. నాకైతే వాళ్ల చెంపలు వాయించాలనిపిస్తుంది. ఏం మిగిలిందని ఆమెకి? నిన్న నా మడిలో నాట్లు వెయ్యడానికి వచ్చింది. కూలికి. బురదలో దిగి, గుప్పెడు మట్టి పిసికి చూసుకుంది.

"ఇది నా మడి మట్టేనే" అని, వంగి నాటడం మొదలుపెట్టింది.