రూతమ్మత్తకు చెప్పిన లెక్కలు

మా చిన్నప్పుడు... పదో తరగతి పరీక్షలంటే ఇంటిల్లిపాదికీ జ్వరమే. మార్చిలో నాకు లెక్కలు పోయాయి. చదవక కాదండీ... పేపరు చేతికివ్వగానే కంఠతా పట్టిందంతా మాయమైపోయింది.

"సెప్టెంబర్లోనూ పోతే సదువు సాలు. ఇంటికాడ ఉందువు గానీ" అన్నాడు మా నాయన. ఆయన మాటంటే మాటే. నాకేమో టీచర్ ట్రైనింగుకు పోవాలని ప్రాణం కొట్టుకునేది.

ఆళ్లగడ్డలో మా ఇంట్లో పిల్లల గోల ఎక్కువ. పరీక్ష ఎలాగూ నంద్యాలలోనే కదాని నన్ను అక్కడ మా రూతమ్మత్త ఇంటికి పంపారు. నాయనకు అక్క ఆమె. బడి మొహం చూడని మనిషి.

పొద్దున్నే ఆమె పొయ్యి ముందు జొన్నరొట్టెలు తడుతుంటే, నేను పక్కన చాప మీద కూర్చుని కళ్లు మూసుకుని లెక్కల సూత్రాలు గడగడా వల్లించేదాన్ని. పాపం, కొన్నాళ్లు ఓపిక పట్టింది.

"ఏందే పాపా అది, మంత్రమా? నాకు తెలిసేటట్టు చెప్పు" అంది ఒకరోజు.

ఒళ్లు మండింది. పరీక్ష నెత్తిమీదుంటే ఈమెకు పాఠమా! అయినా పెద్దావిడ కదా... పుస్తకంలో బొమ్మ చూపించి చెప్పాను.

"గుండ్రానికి ఈ గీత ఒక్క చోటే తగుల్తాది అత్తా. గుండ్రం నడిమి నుంచి ఆడికి ఇంకో గీత గీస్తే, దీని మీద నిటారుగా ఉంటాది."

"ఏంటికి?"

పుస్తకంలో ఉంది కాబట్టి... అంతకు మించి నాకూ తెలియదు! సిగ్గేసింది. పుస్తకం తీసి మళ్లీ చదివాను. ఈసారి వల్లించడానికి కాదు, అత్తకు చెప్పడానికి.

"నడిమి నుంచి ఆ గీతకు అదే దగ్గర దారి అత్తా. గీత మీద తక్కిన చోట్లన్నీ గుండ్రానికి బయటే, దూరం ఎక్కువ. నిటారుగా పోయేదే కదా దగ్గర దారి!"

"అట్ల చెప్పు మరి!" అంది. పెనం మీద రొట్టె మాడిపోయింది, ఇద్దరం చూసుకోలేదు.

ఇక రోజూ అదే పని. నేను చెప్పడం, ఆమె ఏంటికి అనడం.

పరీక్ష రోజు పేపరు చేతికి రాగానే మళ్లీ అంతా మాయమైపోయింది. అక్షరాలు అలుక్కుపోయాయి. ఏమీ తోచక, "అత్తా, ఇది చూడు..." అని లోలోపల మొదలుపెట్టాను. ఒక్కో లెక్కా ఆమెకు చెబుతున్నట్టే రాసుకుంటూ పోయాను. గంట కొట్టేదాకా తలెత్తలేదు.

ఫలితాలొచ్చిన రోజు పేపర్లో నా నంబరు పడింది! "ట్రైనింగు యాడుందో కనుక్కో" అన్నాడు నాయన. అంతే, బస్సెక్కి నంద్యాలకు ఉరికాను. అత్త గడపలోనే ఎదురొచ్చింది. నేను నోరు తెరవకముందే తనే అడిగింది.

"మనం పాసయినామా?"

ఇప్పటి పిల్లలకు వేరే గది, ఫోన్లో పాఠాలు, అన్నీ ఉన్నాయి... పక్కన కూర్చుని వినే మనిషే కరువు. అందుకే మా మనవరాలు లెక్కలు తీస్తే నేనూ చాప పరుస్తున్నా. మీ పరీక్షల్లో మీతోపాటు పాసయిన వాళ్లెవరో... మీరూ చెప్పండి, వింటాను.