అచ్చొచ్చిన కమ్మలు

మార్కాపురంలో మాది బంగారు దుకాణం. వజ్రాలు అందరికీ అచ్చిరావంటారు. అందుకే కొనేవాళ్లు ముందు మూడు రోజులు వాటిని ఇంటికి తీసుకెళ్లి పెట్టుకుంటారు. ఈలోగా ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినా, గొడ్డు చచ్చినా, చెడ్డ కబురు తెలిసినా తిరిగి తెచ్చిస్తారు. మేం మారు మాట్లాడకుండా తీసుకుంటాం. నాకైతే ఇదంతా ఒట్టి చాదస్తం. కానీ చాదస్తమని గిరాకీని పోగొట్టుకుంటామా?

గిద్దలూరులో ఉండే మా అక్కకు పెళ్లికి ముందు నుంచీ ఏడు రాళ్ల వజ్రాల కమ్మలంటే ప్రాణం. బావ బోరు బండి మీద డ్రిల్లరు. ఆఫ్రికాలో నాలుగేళ్లు బోర్లు వేసి నిరుడు తిరిగొచ్చాడు. ఇక అక్క ఆగలేదు. మా దుకాణంలో అద్దం ముందు అరగంట కూర్చుని ఒక జత ఎంచుకుని తీసుకెళ్లింది.

మూడో రోజు పొద్దున నేనే గిద్దలూరు వెళ్లాను. అక్క కమ్మలతో గుమ్మంలోనే ఎదురొచ్చింది. ముఖం కళకళలాడుతోంది.

"అచ్చొచ్చినాయిరా! ఇంట్లో ఒక్కరికి తుమ్ము కూడా రాలేదు. మీ బావే మూతి ముడుచుకుని కూచున్నాడు. ఏందో నువ్వే అడుగు."

నాకు చిర్రెత్తింది. భార్య ఇన్నాళ్ల ముచ్చట తీరుతుంటే ఈయనకేం పోయేకాలం?

"ఏంది బావా, నా సరుకు మీద అనుమానమా?"

"నీ సరుకు మంచిదేలే బామ్మర్దీ," అన్నాడు బావ. "ఆఫ్రికాలో వజ్రాలు తవ్వే ఊళ్లో ఒక బోరు వేసినాం. నీళ్లు పడినాయి, చేతిపంపు బిగించినాం. మన సైడు మొదట ఊరి పెద్దాయనతో కొట్టిస్తాం గదా? నేనూ అట్లనే పిలిపించినాను. ఒక ముసలాయన వచ్చినాడు గానీ పంపు ముట్టుకోడు. సిగ్గేమో అనుకుని నవ్వుకుంటా చెయ్యి పట్టి లాగినాను. పొడుగు చేతుల చొక్కా. మోచేతి కింద ఏమీ లేదు. రెండో పక్కా లేదు."

అక్క దగ్గరికొచ్చింది. "ఏమైంది ఆయనకి?"

"ఆ వజ్రాల గుంటల కోసం కొట్లాటలైనప్పుడు తుపాకులోళ్లు ఊరోళ్లని వరసగా నిలబెట్టి చేతులు నరికినారంట. ఆయనప్పుడు పడుచోడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. నేను చిన్నబుచ్చుకుంటానని ఆ మొండి చేతులతోనే పంపు కొట్టినాడు."

"ఈ రాళ్లు ఆడివేనని ఎవరు చెప్పినారు?" అని అరిచాను.

"కాదని నువ్వు చెప్పు, పెట్టుకుంటాది."

నేను విజయవాడలో కొంటాను, వాళ్లు సూరత్ నుంచి తెప్పిస్తారు. అంతకు ముందు సంగతి నేనెప్పుడూ అడగలేదు.

అక్క ఒక కమ్మ తీసింది. రెండోదాని మర బిగుసుకుపోయింది. బావే లేచి విప్పాడు.

"ముందే చెప్పకూడదా? మూడు దినాలు పెట్టుకుంటి గదయ్యా!" అని ఏడ్చింది.

"నీ మొగం చూసి నోరు రాలేదే," అన్నాడు.

కమ్మలు జేబులో పెట్టుకుని బస్సులో వస్తున్నంతసేపూ ఇద్దరి మీదా మండిపడ్డాను. ఆ ముసలాయన మీద కూడా కోపం వచ్చింది. ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది?

మరుసటి నెలలో త్రిపురాంతకం నుంచి వచ్చిన ఒకావిడ అదే జత ఎంచుకుంది. ఒకింటికి వెళ్లి తిరిగొచ్చిన రాళ్లయితే ఆ మాట చెప్పి అమ్మాలని మా నాయన పెట్టిన నియమం. చెప్పాను.

ఆవిడ కమ్మలు కింద పెట్టేసింది. "అయ్యో, ఎవరికేమైంది నాయనా?"

"ఎవరికీ ఏమీ కాలేదమ్మా," అన్నాను.