గోచికి అందని చీర

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా తాతయ్యకు ఉన్నది ఒక్కటే చేతిమగ్గం. ఎదురు వీధిలో ఒక సావుకారి ఉండేవాడు. ఎక్కడో బొంబాయి వైపు మిల్లు చీరలు లారీల్లో దించుకొని నూలు ఖరీదుకన్నా తక్కువకే అమ్మేవాడు. మగ్గాలన్నీ మూతపడ్డాక ధర పెంచుకోవచ్చని వాడి ఎత్తు. తెలంగాణ కావాలని మొదటిసారి ఊళ్లు లేచిన రోజులవి. ఆ మహానుభావుడు దుకాణానికి 'జై తెలంగాణ, మన సరుకే కొనండి' అని బోర్డు కట్టాడు. బడిపిల్లలు లాఠీ దెబ్బలు తింటుంటే అదే నినాదంతో పరాయి మిల్లు బట్ట అమ్ముకున్నవాణ్ణి ఏమనాలి? నేను చదివిన మూడు తరగతుల్లో అంత చిన్న మనిషికి తగిన మాట నేర్పలేదు.

ఆ వానాకాలం చీరలు అమ్ముడుపోకపోతే తాతయ్య మగ్గం అమ్మేసి, ఆ సావుకారి సరుకు మూటలు కట్టే షెడ్డులో కూలికి కూర్చోవాలి. మూలకు ఇంత జాగా ఇస్తానని వాడు కబురు కూడా పంపాడు. తాతయ్య మళ్లీ మగ్గం ఎక్కాడు. అంచుల చీరలు, రంగుల చీరలు అన్నీ మానేశాడు. నాట్లేసే ఆడవాళ్లు గోచి పెట్టి కట్టుకునే పొడుగు చీర ఒక్కటే నేశాడు. ఉన్న కాస్త నూలూ దానికే పోశాడని నానమ్మ తిట్టని రోజు లేదు.

గంభీరావుపేట వారపు అంగడికి ఎడ్లబండి మీద నన్నూ తీసుకుపోయాడు. సావుకారి అక్కడా డేరా వేశాడు. జనం వాడి చుట్టే. చవక అంటే కళ్లు మూసుకొని ఎగబడేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాట్ల ముఠాను నడిపే ఒకామె వాడి చీర పట్టుకొని మా ముందు నుంచి పోతుంటే తాతయ్య ఆపాడు.

"బిడ్డా, కొంటే కొన్నవ్ గని, గోచి వెట్టి ఒక్కసారి నాటేసినట్టు వంగి సూడు."

ఆమె ఉన్న బట్టల మీదే ఆ చీర చుట్టి, గోచి దోపి వంగింది. వెనక దోపింది ఊడి చేతికొచ్చింది. తోటి ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. ఆమె ఆ చీరతోనే సావుకారి డేరా ముందుకు పోయి నిలదీసింది.

"సేటూ, గిది నీ పెండ్లానికి తెచ్చినవా ఏంది? నీడపట్టున కూసునేటోళ్ల చీర లెక్కుంది."

సావుకారి గద్దె దిగలేదు. "కూలోళ్ల గోచి కొలుచుకుంట కూసుంటే నా యాపారం నడిచినట్టే" అని నవ్వాడు. వాడి ముందు నిలబడ్డవాళ్లంతా కూలివాళ్లే. ఆ తెలివితక్కువవాడికి అదైనా తట్టలేదు.

ఆమె చీర వాడి మీదికి విసిరి, ఇచ్చిన పైసలు వాపసు తీసుకొని, ఎక్కువ ఖరీదైనా మాది కొన్నది. ముఠా అంతా ఆమె వెంటే వచ్చింది. మూట చాలకపోతే వచ్చే అంగడికి చెప్పిపోయారు. సావుకారికి అప్పుడు బుద్ధొచ్చినా ఏం లాభం? లారీ నిండా ఉన్న పొట్టి చీరలకు మూరెడు బట్ట ఎక్కడిది తెచ్చి అతికిస్తాడు?

మగ్గం మా ఇంట్లోనే నిలిచింది. ఈ వయసులోనూ నేను చీర కొనేముందు దుకాణంలోనే నడుముకు చుట్టుకొని ఒకసారి వంగి చూస్తాను. బోర్డులు చదవను. లోపల గద్దె మీద కూర్చున్నవాళ్లు నవ్వుతారు. నవ్వనీ, అలాంటి నవ్వు ఒకటి చిన్నప్పుడే చూశాను.