చప్పుడు లేని గాలి

ఫిల్మ్‌నగర్‌లో మా కింది వాటాలో ఒక సౌండ్ రికార్డిస్టు గారుండేవారు. యాభై దాటిన మనిషి. మా ఇంట్లో మిక్సీ తిరుగుతుంటే మెట్లెక్కి వచ్చి, "అమ్మా, మీ మిక్సీలో బేరింగు పోతోందండీ, చూసుకోండి" అని చెప్పి దిగిపోయేవారు. మోటార్లు డిజైన్ చేయడం నా వృత్తి. ఆయన మాట ప్రతిసారీ నిజమయ్యేది. అలా స్నేహం కుదిరింది.

ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"ఈ సినిమాకి డబ్బింగ్ లేదమ్మా, మాటలన్నీ సెట్లోనే పట్టాలి. మేడ మీద తల్లి సీనుంది, హోరుగాలి. ఆ గాలికి పెట్టే ఫ్యాను వేస్తే ఆవిడ మాటకి బదులు నాకు పిండిమర వినిపిస్తుంది. చప్పుడు చెయ్యని ఫ్యాను మీరు చెయ్యలేరా?"

"జనరేటర్ కూడా చప్పుడే కదండీ?"

"అందుకే బ్యాటరీ మీద నడవాలి."

బ్యాటరీ మీద పూటంతా నడవాలంటే కరెంటు చుక్క కూడా వృథా కాకూడదు. అంటే నాకు నచ్చిన పనే.

జూబ్లీహిల్స్‌లో ఒక డాక్టరు గారి గ్యారేజీ అద్దెకు తీసుకుని నేనూ, మోతీనగర్‌లో ఉండే నా కాలేజీ స్నేహితురాలూ కంపెనీ నడుపుతున్నాం. నేను లెక్కలు కడితే, తను తయారు చేసి పరీక్షిస్తుంది. రెక్కలు పెద్దవి చేసి నెమ్మదిగా తిప్పాలనుకున్నాం. అప్పుడు గాలి కోసుకునే మోత తగ్గి, మోటారు మోత ఒక్కటే మిగులుతుంది.

మొదటి మోటారును మధ్యాహ్నమంతా తిప్పాక నా స్నేహితురాలు దాని మీద చెయ్యి వేసింది. వృథా అయిన కరెంటంతా వేడిగా బయటపడుతుంది కాబట్టి, మా పనిలో చెయ్యే మొదటి పరీక్ష.

"సూడవే, పసిపిల్ల నుదురు లెక్క సల్లగుంది!" అంది. ఇద్దరం ఎగిరి గంతేశాం.

సాయంత్రం రికార్డిస్టు గారు మైకు పట్టుకుని వచ్చి, కళ్లు మూసుకుని విన్నారు. "పిల్లి గురక పెడుతోందండీ" అన్నారు.

ఆ గురక ఎక్కడిదో నాకు తెలుసు. లోపల తిరిగే అయస్కాంతాలు, రాగి తీగ చుట్టిన ఇనుప పళ్లలో ఒక్కోదాన్నీ దాటేటప్పుడు పట్టుకుని వదులుతుంటాయి. ఆ కుదుపులే మోత. అయస్కాంతాలను కాస్త ఏటవాలుగా అమర్చితే కుదుపు పోతుంది, కానీ కొంత బలమూ పోతుంది. అదే గాలికి ఎక్కువ కరెంటు కావాలి.

"చెవి కోసం కరెంటు తగలవెడ్తవా?" అని నా స్నేహితురాలు రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే తనే ఫోన్ చేసింది. "మోటారుల ఇనుప రేకులు ఇంకా పల్చగ తెప్పిద్దాం, వేడి తగ్గుతది. రాగి తీగ సందు లేకుండ చుడ్త. పోయింది అట్ల రాబడ్దాం."

రాబట్టింది కూడా. అంతా తిరిగి రాలేదు, కానీ పూటకి సరిపడా వచ్చింది.

షూటింగు జూబ్లీహిల్స్‌లోనే, ఒక మేడ మీద. తల్లి వేషం వేసే నటి డెబ్బై దగ్గర పడిన పెద్దావిడ. ఫ్యాను వేశాం. అటు తిరిగి నిలబడ్డ అసిస్టెంట్ డైరెక్టరు, "ఫ్యాను ఆన్ చెయ్యండయ్యా!" అని అరిచాడు. అప్పటికే ఆవిడ జుట్టూ పైటా ఎగురుతున్నాయి. అందరూ గొల్లున నవ్వారు.

తర్వాత ఆవిడ గొంతు దించి, దాదాపు గుసగుసగా, కొడుకుతో నాలుగు మాటలన్నారు. డైరెక్టరు కట్ చెప్పాడు. రికార్డిస్టు గారు హెడ్‌ఫోన్లు తీసి బొటనవేలు పైకెత్తారు.

ఆవిడ నేరుగా ఫ్యాను దగ్గరికొచ్చారు. ఆపిన మోటారును తాకి, "ఇంతసేపు తిరిగింది, వేడెక్కలేదేంటమ్మా?" అన్నారు.

"వృథా చెయ్యదండీ, అందుకే."

"మరి నా మాట నేను అన్నది అన్నట్టే ఉంటుందా? మళ్లీ ఆ డబ్బింగ్ గదిలో నిలబడి ఏడవక్కర్లేదా?"

"అక్కర్లేదమ్మా" అన్నారు రికార్డిస్టు గారు.

ఆవిడ నన్ను గట్టిగా కావలించుకున్నారు. నా కుర్తా నిండా మేకప్పే.

ఇంకో షాట్‌కి డైరెక్టరు గాలి పెంచమన్నాడు. నా స్నేహితురాలు ఉత్సాహంగా నాబ్ చివరిదాకా తిప్పేసింది. పెద్దావిడ ఆ షాట్‌కి కప్పుకున్న శాలువా ఎగిరి పక్కింటి వాటర్ ట్యాంకు మీద పడింది. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వుతూ అక్కడే కూలబడ్డారు.

పొద్దు వాలేవరకు బ్యాటరీ ఆగలేదు. ఫ్యాను ఆటోలోకి ఎక్కిస్తుంటే రికార్డిస్టు గారు వెనకాలే వచ్చారు.

"అమ్మా, వాన సీన్లకి పంపు పెడతారు చూడండి... దాని గోల ఇంకా ఘోరమండీ."

నా స్నేహితురాలు నా మొహం చూసింది. "ఒప్పుకోకుండ ఉంటవా నువ్వు?" అంది. కృష్ణానగర్ చేరేలోపు ఆ పంపు మోటారు ఎంత వెడల్పుండాలో ఇద్దరం వాదించుకుంటున్నాం.