ఓడ కదిలే రోజు చాకిరేవు

సౌత్ షీల్డ్స్‌లో, టైన్ నది సముద్రంలో కలిసే మూల, గుట్ట మీది ఇళ్లన్నిటిలోనూ తెల్లని ఉతుకు బార్బరి టులిప్‌ది. ఆమె చొక్కా ఆరేస్తే పడవలవాళ్లు దాన్నే గురుతుగా పెట్టుకుని రేవులోకి వచ్చేస్తారని మొగుడు సెప్టిమస్ వేళాకోళం ఆడేవాడు. సెప్టిమస్‌ని అందరూ సెప్ అనేవారు. పొట్టిగా, పీపాలా ఉండేవాడు. ఎస్తేర్ అనే బొగ్గు స్టీమర్లో వంటవాడు.

యజమాని తన అత్తగారి పేరు పెట్టడం వల్లే ఎస్తేర్ కూత అంత బొంగురుగా ఉంటుందని సెప్ అనేవాడు. టైన్‌లో బొగ్గు నింపుకోవడం, లండన్‌లో దింపడం, తేలిపోకుండా బరువు కోసం పొట్టలో నీళ్లు నింపుకుని తిరిగి రావడం, మళ్లీ బొగ్గు. ఏళ్ల తరబడి ఆ స్టీమరుకి అదే బతుకు. ఓసారి తుఫానులో పొగగొట్టం పోగొట్టుకుని, దాని స్థానంలో తెరచాప గుడ్డ చుట్టుకుని, ముష్టిదానిలా ఇల్లు చేరింది. అయినా చేరింది. నెలలో ముప్పాతిక వంతు మొగుణ్ణి తన దగ్గరే ఉంచుకుంటుంది కాబట్టి బార్బరి దాన్ని "నా సవతి" అనేది. ఆ సవతి మీద కోపమూ ఉండేది, నమ్మకమూ ఉండేది. రేవు నోట్లోకి రాగానే సెప్ వంటపొయ్యిలో పిడికెడు కొవ్వు పడేసేవాడు. నల్లటి పొగ గుప్పుమనేది. గుట్ట మీంచి అది చూసి బార్బరి పెనం ఎక్కించేది. ఆయన గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఎండుద్రాక్ష రొట్టె పెనం మీద చుయ్యిమని పాడుతూ ఉండాలి.

గుట్ట మీద ఒక కట్టుబాటు ఉంది. మొగుడు ఓడెక్కే రోజు పెళ్లాం బట్ట తడపకూడదు. తడిపితే మనిషిని నీళ్లలో ముంచినట్టే. బార్బరి ఎన్నడూ ఆ తప్పు చెయ్యలేదు.

ఆ సోమవారం ఎస్తేర్ ఇంకా బొగ్గు రేవులో వరసలో నిలబడి ఉంది. కదిలేది మంగళవారమని సెప్ చెప్పాడు. తన బట్టల సంచీ మొత్తం చాకిరేవుకి కుమ్మరించి, పొయ్యి తుడుచుకొస్తానని ఒంటిమీది బట్టలతో ఓడకి వెళ్లాడు. తీరా ముందున్న ఓడలో ఏదో మర విరిగింది. దాని వంతు ఎస్తేర్‌కి వచ్చింది. మధ్యాహ్నం పోటుకే బయలుదేరమన్నారు.

ఆ బొంగురు కూత విని బార్బరి వాకిట్లోకి పరిగెత్తింది. మోచేతుల దాకా సబ్బు నురగ. చేతిలో నీళ్లోడుతున్న చొక్కా. కింద ఎస్తేర్ రేవు గోడ దాటి పోతోంది.

ఎదురింటి మాలీ పర్విస్ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. మొగుడు పోయినప్పటినుంచీ వీధిలో అందరి చాకిరేవులకీ ఆవిడే కాపలా.

"ఎంత పని చేశావే తల్లీ!"

"నాకేం తెలుసు వదినా? రేపన్నారు!"

"సముద్రానికి రేపూ ఎల్లుండీ తెలుస్తాయా? ఓ పని చెయ్. వాటిమీద బొగ్గుపొడి చల్లెయ్. మళ్లీ మురికైపోతే ఉతికినట్టు లెక్క కాదు."

బార్బరి నిజంగానే బొగ్గు బకెట్టు తెచ్చింది. గుప్పిట నిండా పొడి తీసి తీగ దగ్గర నిలబడింది. తీగ మీద సెప్ పెళ్లినాటి చొక్కా, తను అల్లిన నీలం ఉన్ని బనీన్లు, ఒక్కో మోకాలికి రెండేసి మాసికలున్న లాగులు ఊగుతున్నాయి. గుప్పిట లేచింది. అంతలోనే దిగింది.

"నావల్ల కాదు వదినా."

"మనిషికన్నా చొక్కా ఎక్కువా?"

"మనిషి ఇంటికొస్తే వేసుకోడానికి బట్టలుండొద్దూ?" అని బార్బరి పొడి బకెట్లో పోసి, చేతులు కడుక్కుంది. ఆరినవాటిని ఇస్త్రీ చేసి పెట్టెలో సర్దింది. ఇస్త్రీ చేస్తున్నంతసేపూ ఏడ్చింది. అయితే మడతలు మాత్రం ఎక్కడా వంకర పోలేదు.

ఎస్తేర్ తిరిగి రావలసిన రోజు గుట్టని పొగమంచు కప్పేసింది. వాకిట్లో తీగే కనబడలేదు, ఇంక పొయ్యి పొగేం కనబడుతుంది? బార్బరి చెవులు రిక్కించి కూర్చుంది. మధ్యాహ్నం దాటాక బొంగురు కూత వినిపించింది. కాని అది రావలసిన దిక్కునుంచి కాదు, రేవుకి ఉత్తరాన నల్లరాళ్ల వైపునుంచి. మరోసారి కూసింది. సగంలో ఆగిపోయింది.

లైఫ్‌బోట్ గంట మోగింది. వీధి వీధంతా ఇసుక మీదికి దిగింది. బార్బరి నీటి అంచుదాకా వెళ్లి నిలబడింది. మాలీ వదిన వచ్చి పక్కన నిలబడి, ఒక్క మాటా అనకుండా ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆ నోరు ఊరుకోవడం చూసి బార్బరికి మరింత భయం వేసింది.

మంచులోంచి ముందు తిట్లు వినిపించాయి.

"ఒరే సెప్! ఆ పెనం పారెయ్యరా! నా కడుపులో పొడుచుకుంటోంది!" అది ఓడలో కెప్టెన్ తర్వాతివాడు, మేట్ రెన్నీ గొంతు.

"నువ్వు దిగు, అది ఉంటుంది! రొట్టె కాల్చేది నువ్వా, అదా?"

బార్బరి మెడలోతు నీళ్లకి వెళ్లేదే. మాలీ పట్టుకుని ఆపింది. లైఫ్‌బోట్‌లో ఓడవాళ్లందరూ ఉన్నారు, కెప్టెన్ నుంచి పిల్లి దాకా. సెప్ కోటు కింద ఓడ పెనం దాచుకుని దిగాడు.

"బట్టలు ఉతికానండీ, మీరెళ్లిన రోజే," అంది బార్బరి, పలకరింపు కూడా లేకుండా.

పళ్లు టకటకా కొట్టుకుంటూనే సెప్ అడిగాడు: "ఆరాయా?"

అందరి సంచీలూ ఓడతోబాటే మునిగాయి. ఊరు దాటి ఇళ్లున్నవాళ్లకి మార్చుకోడానికి గుడ్డ ముక్క లేదు. ఓడవాళ్లలో ఇంటినిండా పొడి బట్టలున్నవాడు సెప్ ఒక్కడే. బార్బరి పెట్టె తెరిచింది. ఆరడుగుల రెన్నీకి సెప్ లాగు తొడిగితే మోకాలి కిందే ఆగిపోయింది. కెప్టెన్‌కి పెళ్లిచొక్కా దక్కింది. పెట్టె అడుగు కనబడేసరికి మాలీ గబగబా ఇంటికెళ్లి, పోయిన మొగుడి లాగులు రెండు తెచ్చింది. వాటిని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

"వదినా, ఇవి ఎప్పుడు ఉతికినవి?"

"ఆయన పోయాక ఉతకలేదమ్మా. వేసుకోమను, కరవవు."

వంటింట్లో నవ్వులకి కిటికీలు అదిరాయి. సెప్ మాత్రం పొయ్యి వంక చూస్తూ అన్నాడు: "ఎస్తేర్ రాళ్లమీంచి జారి, కూర్చున్నట్టే మునిగింది పాపం. పొయ్యిమీద బఠాణీ ముద్ద అలాగే ఉండిపోయింది. కాస్త ఉప్పు తక్కువైందేమో కూడా."

"నా సవతి మంచిది," అంది బార్బరి కళ్లు తుడుచుకుంటూ. "మిమ్మల్ని దింపేశాకే పోయింది." తర్వాత ఆ ఓడ పెనాన్నే కడిగి పొయ్యిమీద పెట్టింది. అందరికీ అందులోనే రొట్టెలు కాలాయి.

వసంతంలో సెప్‌కి మరో స్టీమర్లో వంటపని దొరికింది. బయలుదేరే ఉదయం ఆ ఓడెక్కేవాళ్ల ఇళ్లలో ఒక్క తొట్టీ తడవలేదు, బార్బరిది తప్ప. ఆమె నురగలో చేతులు ముంచి, ఒక లాగూ ఒక బనీనూ ఉతుకుతోంది.

"ఏమే, మతి పోయిందా? ఇవాళే కదే ఓడ!" అని మాలీ అరిచింది.

"తెలుసు వదినా. ఓ జత వెనక ఉంచుకుంటే, దానికోసమైనా వస్తారు."

మాలీ గిరుక్కున వెనుదిరిగింది. లోపలికెళ్లి, ఓడవాళ్లు తిరిగిచ్చిన మొగుడి పాత లాగులు రెండూ తెచ్చి తొట్టిలో పడేసింది.

"ఇవీ ఓ ముంచు ముంచు. ఎవరికి పనికొస్తాయో!"