జపాన్ వాసన

పూర్ణా మార్కెట్ పక్కన ఎండురొయ్యల వాసన తగిలితే నాకింకా డోకు వస్తుంది. నాన్న కొన్న పాత జపాన్ కారు గుర్తొస్తుంది.

స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసే నాన్న దాన్ని ఒక రొయ్యల వ్యాపారి దగ్గర కొన్నారు. "మగ్గాలు చేసి పైకొచ్చిన కంపెనీ ఇది. ప్రతి బోల్టూ జపాన్‌దే!" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేవారు. సీట్ల కింద ఇంకిపోయిన రొయ్యల నీళ్లు ఎండకి కుళ్లుకంపు కొట్టేవి. అమ్మ కర్పూరం పెడితే రెండూ కలిసి మరీ అసహ్యంగా ఉండేది. జపాన్ దేశమంతా ఇదే వాసన కాబోలనుకున్నాను.

ఏడాది తిరక్కుండానే నాన్న దాన్ని అమ్మకానికి పెట్టారు. చేపలపేట నుంచి ఒకాయన చూడ్డానికొచ్చాడు. నాన్న కంపు మాటెత్తలేదు. ఆయన నా వైపు తిరిగాడు.

"ఏటి పాపా, బండెలాగున్నాది? నువ్వు సెప్పు."

నాన్న కళ్లెర్రజేశారు. కానీ ఇంట్లోనే నాకు చదువు చెప్పిన అమ్మ, అబద్ధమాడకూడదనే మొదట నేర్పింది.

"జపాన్ కంపు కొడుతుందండి."

నాన్న మొహం పాలిపోయింది. చూడ్డానికొచ్చినాయన కారు తలుపు తీసి వాసన చూసి పగలబడి నవ్వాడు.

"జపానోడ్నెందుకు తిడతావమ్మా? ఇది మన రొయ్యల కంపే! మా యింట్లో పొద్దస్తమానం ఇదే. నాను తీసుకుంతన్నాను సారూ."

ఒక చుట్టు తిప్పి చూస్తానని నాన్నతో పాటు నన్నూ ఎక్కించుకున్నాడు. ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుని, పరికిణీ అంచుతో ముక్కు మూసుకున్నాను. అది కారు కంపుకే కాదు, ఆయన చొక్కాకి కూడా. తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత. ఆయన చూశాడు. చెయ్యి చాపి, నా వైపు అద్దం దించాడు.

పేరైనా తెలీదు. దీపం పెట్టేటప్పుడు 'అద్దం దించినాయన' అనే తలుచుకుని దణ్ణం పెట్టుకుంటాను.